అట్ట అందం సరే, లోపలి సంగతేంటి? గోథిక్ ప్రేమ నవలల గిఫ్ట్ ఎడిషన్లపై ఒక పరిశీలన

షార్లెట్ బ్రాంటే రాసిన ‘జేన్ ఐర్’ నవల మొదలవడమే ఒక బొమ్మల పుస్తకంతో మొదలవుతుంది. పదేళ్ల అనాథ పిల్ల జేన్ కిటికీ అరుగు మీద కాళ్లు ముడుచుకుని, ఎర్ర తెర చాటున కూర్చుని, థామస్ బ్యూయిక్ వేసిన బ్రిటిష్ పక్షుల పుస్తకం తిరగేస్తుంటుంది. అక్షరాల కంటే ఆ చిన్న చిన్న బొమ్మలే ఆమెను పట్టేస్తాయి: తీరాన విరిగి పడ్డ పడవ, నిర్మానుష్యమైన శ్మశానం, దొంగ వీపు మీది మూటను వెనక నుంచి పట్టుకున్న పిశాచం. ఇంతలో మేనమామ కొడుకు జాన్ రీడ్ వస్తాడు. ఈ ఇంట్లో పుస్తకాలన్నీ తనవేననీ, ఆమెకు వాటిని ముట్టుకునే హక్కే లేదనీ చెప్పి, అదే పుస్తకాన్ని ఆమె మీదికి విసురుతాడు. తల తలుపుకు కొట్టుకుని రక్తం కారుతుంది.

అదే నవల ఇప్పుడు బంగారు పూత అంచులతో, పట్టు రిబ్బన్‌తో, గట్టి అట్టపెట్టెలో కానుకగా వస్తోంది. దానితో పాటే షార్లెట్ చెల్లెలు ఎమిలీ రాసిన ‘వుదరింగ్ హైట్స్’, ‘ఫ్రాంకెన్‌స్టైన్’, ‘డ్రాకులా’, ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా’ కూడా. పాత భవంతులు, రహస్యాలు, భయం కలగలిసిన ఇలాంటి కథలనే గోథిక్ అంటారు. ఆన్‌లైన్‌లో వెతికితే ఒక్కో నవలకు పదుల రకాల ముస్తాబులు కనిపిస్తాయి. పుట్టినరోజుకో పెళ్లిరోజుకో పుస్తకం ఇవ్వాలనుకునేవాళ్లు వీటిలో ఏది ఎంచుకోవాలో తెలియక చివరికి ఫొటోలో బాగున్నదాన్ని కొనేస్తారు. ఫొటోలో కనిపించేది అట్ట ఒక్కటే. అసలు చూడాల్సినవి మాత్రం లోపల ఉంటాయి: బొమ్మలు వేసినవాళ్లకు నవల ఎంత అర్థమైంది, అచ్చువేసిన పాఠం, అంటే నవల వచనం, ఏ పాత ముద్రణ నుంచి తీసుకున్నది, కాగితాలను కుట్టారా అంటించారా. వీటిలో మధ్యదాన్ని దాదాపు ఎవరూ అడగరు. ఎక్కువ మోసం జరిగేది అక్కడే.

మొదట్లో ఈ నవలలు దాచుకునే వస్తువులు కావు. హొరేస్ వాల్పోల్ ‘ది కాసిల్ ఆఫ్ ఒట్రాంటో’ 1764 చివర్లో 500 ప్రతులతో వచ్చింది, అదీ రచయిత తన పేరు పెట్టుకోకుండా. మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ 1818 జనవరిలో మూడు సంపుటాలుగా వచ్చింది. అదీ 500 ప్రతులే, దాని మీదా రచయిత్రి పేరు లేదు. 1847లో ‘జేన్ ఐర్’ వచ్చేనాటికి మూడు సంపుటాల నవల మామూలు ధర 31 షిల్లింగుల 6 పెన్నీలు. మధ్యతరగతి ఇంటికి అది చాలా పెద్ద మొత్తం. అందుకే జనం కొనేవాళ్లు కాదు, మ్యూడీ లైబ్రరీ లాంటి చోట ఏడాదికి ఒక గినీ (21 షిల్లింగులు) చందా కట్టి అద్దెకు తెచ్చుకునేవాళ్లు. అంత కూడా పెట్టలేనివాళ్ల కోసం అంతకు ముందు నుంచే నీలం అట్టల చిన్న పుస్తకాలు ఉండేవి. పెద్ద గోథిక్ నవలల కథను 36 లేదా 72 పేజీలకు కుదించి ఆరు పెన్నీలకో షిల్లింగుకో అమ్మేవాళ్లు. చేతులు మారి మారి చిరిగిపోయినవే ఎక్కువ. ఈ సాహిత్యం ఒక వైపు అద్దె పుస్తకంగా, ఇంకో వైపు చవక పుస్తకంగా బతికింది.

కానుక పుస్తకాల సంప్రదాయం మరో దారిలో వచ్చింది. 1822 చివర్లో రుడాల్ఫ్ ఆకర్మన్ లండన్‌లో ‘ఫర్గెట్ మి నాట్’ అనే వార్షిక సంచిక తెచ్చాడు. క్రిస్మస్‌కు, కొత్త సంవత్సరానికి కానుకగా ఇవ్వడానికే తయారుచేసిన పుస్తకం అది. అయిదారేళ్లలో వాటికి పోటీగా డజన్ల కొద్దీ వచ్చాయి. వాటిలో బాగా పేరు పడ్డది ‘ది కీప్‌సేక్’. ఎర్ర పట్టుబట్ట అట్ట, లోపల ఉక్కు పలకల మీద చెక్కి అచ్చువేసిన నగిషీ బొమ్మలు. చాలాసార్లు ముందు బొమ్మ సిద్ధమయ్యేది, తర్వాత దానికి తగ్గ కథ రాయమని రచయితలను అడిగేవాళ్లు. అలా రాసినవాళ్లలో మేరీ షెల్లీ ఒకరు. చావులేని మనిషి కథ, శరీరాలు మార్చుకున్న యువకుడి కథ ఆమె ఆ పట్టు అట్టల కోసమే రాసింది. అప్పటికి భర్త పోయాడు, కొడుకును చదివించుకోవాలి, కథకు డబ్బు ఇచ్చేది ఆ సంచికలే. కాబట్టి గోథిక్ కథను అందమైన కానుక చేసి అమ్మడం ఈ కాలపు ప్రచురణకర్తల ఆలోచన కాదు. ‘ఫ్రాంకెన్‌స్టైన్’ రాసిన చేయే ఆ పనిలో ఉంది.

ఆ సంచికలను యువకులు తాము మనసుపడ్డ అమ్మాయిలకు తెచ్చి ఇవ్వడం మామూలు. జార్జ్ ఇలియట్ ‘మిడిల్‌మార్చ్’లో ఒక పెళ్లికాని కుర్రాడు రోజమండ్‌ను మెప్పించడానికి కొత్త ‘కీప్‌సేక్’ పట్టుకొస్తాడు, డాక్టర్ లిడ్‌గేట్ ఆ పుస్తకాన్ని తీసిపారేస్తాడు. అప్పటికే ఈ పుస్తకాల మీద ఒక అపవాదు ఉంది: చూడ్డానికే తప్ప చదవడానికి కావని. ఆ మాట నేటి గిఫ్ట్ ఎడిషన్లను కూడా వెంటాడుతోంది. కొన్నిటి విషయంలో అది నిజమే. అన్నిటి విషయంలో కాదు.

కాదని చెప్పడానికి బలమైన సాక్ష్యం ఫ్రిట్జ్ ఐకెన్‌బర్గ్. జర్మనీలోని కొలోన్‌లో 1901లో పుట్టి, హిట్లర్ అధికారంలోకి వచ్చిన 1933లోనే దేశం వదిలి అమెరికా చేరుకున్న చిత్రకారుడు. 1943లో రాండమ్ హౌస్ ‘జేన్ ఐర్’, ‘వుదరింగ్ హైట్స్’ రెంటినీ ఒకే అట్టపెట్టెలో జంటగా తెచ్చినప్పుడు బొమ్మలు ఆయనవే. చెక్క దిమ్మ మీద చెక్కి అచ్చువేసిన బొమ్మలవి. మామూలు చెక్క చెక్కడంలో పలక పొడవునా ఉన్న ఈనెల వెంట చెక్కుతారు. ఈ పద్ధతిలో చెట్టును అడ్డంగా కోసిన ముఖం మీద, లోహం మీద చెక్కే సన్నటి ఉలితో గీస్తారు. గీసిన చోట తెలుపు పడుతుంది, గీయని చోటంతా నలుపే. అంటే చిత్రకారుడు కటిక చీకటితో మొదలుపెట్టి, వెలుగును ఒక్కో గీతగా తవ్వి తీయాలి. గోథిక్ నవలకు ఇంతకన్నా తగిన పద్ధతి దొరకడం కష్టం. గాలికి మెలితిరిగిన చెట్టుకు ఆనుకుని ఆయన బొమ్మలో నిలబడ్డ ‘వుదరింగ్ హైట్స్’ కథానాయకుడు హీత్‌క్లిఫ్‌ను చూస్తే అందగాడు అనిపించడు, తెగిపోయేదాకా బిగిసిన మనిషి అనిపిస్తాడు. నవలలో ఉన్నది ఆ మనిషే.

ఇంకో సంగతి. ఈ పద్ధతిని ఇంగ్లండ్‌లో పెద్ద కళగా నిలబెట్టినవాడు బ్యూయిక్, జేన్ తెర చాటున చూస్తున్న పక్షుల పుస్తకం వేసిన ఆ బ్యూయిక్. 1797లో, 1804లో రెండు సంపుటాలుగా వచ్చిన పుస్తకమది. షార్లెట్ చిన్నప్పుడు ఆ బొమ్మలు చూసి నకలు గీసుకుంది. ఆ తర్వాత నూరేళ్లకు పైగా గడిచాక ఆమె నవలకు అదే పనిముట్టుతో బొమ్మలు పడ్డాయి. ఇలాంటి బంధం ఉన్న ప్రతిని కొనడం వట్టి షోకు కాదు. ఆ బొమ్మ నవలలోకి ఇంకో దారి చూపిస్తుంది.

ఐకెన్‌బర్గ్ ఒక్కడే కాదు. క్లేర్ లైటన్ 1931లోనే ‘వుదరింగ్ హైట్స్’కు ఇదే పద్ధతిలో బొమ్మలు చెక్కింది. లిండ్ వార్డ్ 1934లో ‘ఫ్రాంకెన్‌స్టైన్’కు వేసిన బొమ్మల్లో శాస్త్రవేత్త విక్టర్ సృష్టించిన ప్రాణి మీద భయంతో పాటు జాలి కూడా కలుగుతుంది. దానికి పూర్తి భిన్నంగా ఎడ్మండ్ డ్యూలాక్ 1905లో డెంట్ సంస్థ కోసం బ్రాంటే అక్కచెల్లెళ్ల నవలలన్నిటికీ కలిపి 60 నీటిరంగుల బొమ్మలు వేశాడు. అప్పటికి ఆయనకు 22, 23 ఏళ్లు. మెత్తటి రంగులు, చక్కటి దుస్తులు, మర్యాదైన గదులు. ఆ పని చూడముచ్చటగా ఉంటుంది కానీ అందులో ‘జేన్ ఐర్’ మేడ మీద తాళం వేసిన గది భయం చాలా తక్కువ.

నేటి అట్టలు ఎక్కువగా డ్యూలాక్ దారిలోనే, దాన్నీ దాటి పోతున్నాయి. గులాబీలు, ఎగిరే పక్షులు, తాళంచెవులు, నల్లటి నేపథ్యం మీద బంగారు తీగలు. ‘వుదరింగ్ హైట్స్’ మీద గులాబీలు వేస్తే పుస్తకం అమ్ముడవుతుంది, నవల మాత్రం తప్పుగా పరిచయమవుతుంది. మూడో అధ్యాయంలో కల కంటున్న అతిథి లాక్‌వుడ్ కిటికీ బయట ఏడుస్తున్న పిల్ల మణికట్టును పగిలిన గాజు మీద పెట్టి రాస్తాడు, పరుపంతా రక్తమయ్యేదాకా. హీత్‌క్లిఫ్ ఇసబెల్లా అనే అమ్మాయిని లేవదీసుకుపోయే రాత్రి ఆమె కుక్కపిల్ల మెడకు చేతిరుమాలు బిగించి కొక్కేనికి వేలాడదీసిన సంగతి నవలలో రెండుసార్లు వస్తుంది. ఇది ప్రేమ కథే, కాదనలేం. కానీ ప్రేమ మనుషులను ఎంత దూరం దిగజార్చగలదో చూపే కథ. ముఖ్యంగా పదహారు, పదిహేడేళ్ల పిల్లలకు ఈ పుస్తకం కానుకగా ఇచ్చేటప్పుడు ఆ గరుకుదనం దాచని ప్రతి ఇవ్వాలి. హీత్‌క్లిఫ్‌ను ఆదర్శ ప్రేమికుడిగా చూపించే ముస్తాబు ఆ వయసు పాఠకులకు అపకారమే చేస్తుంది.

సరళమైన నమూనాతో కూడా నవలకు న్యాయం చేయొచ్చు. 2008లో మొదలైన పెంగ్విన్ బట్ట అట్టల వరసకు కోరలీ బిక్‌ఫర్డ్-స్మిత్ డిజైన్లు చేసింది. కథలోంచి ఒక్క వస్తువు తీసుకుని దాన్ని అట్టంతా మళ్లీ మళ్లీ పరిచే పద్ధతి ఆమెది. ‘ది పిక్చర్ ఆఫ్ డోరియన్ గ్రే’కు నెమలి ఈకలు తీసుకుంది. తన అందాన్ని తానే చూసుకుని మురిసి పాడైపోయే కుర్రాడి కథకు అది సరిగ్గా అతికింది. అంతకన్నా పాత ఉదాహరణ 1897 నాటి ‘డ్రాకులా’ మొదటి ముద్రణ. పసుపు బట్ట, దాని మీద ఎర్ర అక్షరాలు, అంతే. గబ్బిలం లేదు, కోరలు లేవు. అయినా ఆ అట్టను ఇప్పటికీ కొత్త ప్రచురణలు అనుకరిస్తున్నాయి.

ఇన్ని ముస్తాబులు రావడానికి అసలు కారణం కాపీరైట్. బ్రాంటేలు, మేరీ షెల్లీ, ‘డ్రాకులా’ రాసిన బ్రామ్ స్టోకర్, ‘ఫాంటమ్’ రాసిన గాస్తోఁ లరూ రచనలకు ఇప్పుడు ఎవరికీ రాయల్టీ కట్టక్కర్లేదు. పాఠం ఉచితం కాబట్టి ఖర్చంతా అట్ట మీదే పెట్టొచ్చు, ఎవరైనా పెట్టొచ్చు. డాఫ్నీ డ్యూ మారియే ‘రెబెకా’తో పోల్చి చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. 1938 నవల, ఈ తరహాలో అత్యంత ప్రియమైనవాటిలో ఒకటి, అయినా రకరకాల కంపెనీల గిఫ్ట్ ఎడిషన్లు దానికి కనిపించవు. రచయిత్రి 1989లో చనిపోయింది. బ్రిటన్ చట్టం ప్రకారం మరణం తర్వాత 70 ఏళ్లు, మన చట్టం ప్రకారం 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. అంటే మన దేశంలో 2049 చివరిదాకా, అక్కడ 2059 చివరిదాకా అనుమతి లేనిదే ఎవరూ అచ్చువేయడానికి లేదు.

ఉచిత పాఠంతో వచ్చే చిక్కు ఏమిటంటే, ఏ పాఠం ఉచితంగా చేతికందితే అది అచ్చయిపోతుంది. ఇక్కడే పైన పటారం లోన లొటారం అయ్యే ప్రమాదం. ఇందుకు అందరికన్నా ఎక్కువ బలైంది చిన్న చెల్లెలు యాన్ బ్రాంటే. తాగుబోతు భర్త హింస నుంచి కొడుకుని తీసుకుని పారిపోయి, మారుపేరుతో పాడుపడ్డ బంగళాలో తలదాచుకున్న స్త్రీ కథ ఆమె ‘ది టెనెంట్ ఆఫ్ వైల్డ్‌ఫెల్ హాల్’. 1848లో వచ్చినప్పుడు పెద్ద దుమారమే రేగింది. మరుసటి ఏడాది యాన్ 29 ఏళ్లకే చనిపోయింది. ఈ నవలను మళ్లీ వేయడం అక్క షార్లెట్‌కు ఇష్టం లేకపోయింది. 1854లో థామస్ హాడ్జ్‌సన్ అనే ప్రచురణకర్త దీన్ని ఒకే చవక సంపుటంలో ఇరికించడానికి పదాలు, వాక్యాలు, పెద్ద పెద్ద భాగాలు కోసేశాడు. మొదట్లో ఉండే ఉత్తరాన్ని మొత్తంగా తీసేశాడు. తర్వాత వచ్చిన ఎన్నో ముద్రణలు ఆ కోసిన పాఠాన్నే మూలం అనుకుని తీసుకున్నాయి. నూరేళ్లకు పైగా చాలామంది చదివింది యాన్ రాసిన పూర్తి నవలను కాదు.

ఒక్క పేజీ తెరిచి దీన్ని పట్టుకోవచ్చు. పూర్తి పాఠమైతే మొదటి అధ్యాయానికి ముందు హాల్‌ఫర్డ్ అనే స్నేహితుడికి, కథ చెప్పే గిల్బర్ట్ మార్కమ్ రాసిన ఉత్తరం ఉంటుంది. పాత మనస్పర్థను పోగొట్టుకోవడానికి నా కథంతా నీకు చెబుతాను అంటూ అతడు రాసేది అందులోనే. అది లేకుండా నవల నేరుగా 1827 శరదృతువు ప్రస్తావనతో మొదలైతే చేతిలో ఉన్నది కోసిన ప్రతి. అట్ట మీద ఎంత బంగారం ఉన్నా దాన్ని కానుకగా ఇవ్వడం యాన్‌కు అన్యాయం. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు నమూనా పేజీలు తెరిచి ఇది చూసుకోవచ్చు, అర నిమిషం పని.

‘ఫ్రాంకెన్‌స్టైన్’ సంగతి వేరు. దానికి రెండు పాఠాలున్నాయి, రెండూ మేరీ షెల్లీవే. 1818 నాటిది పందొమ్మిదేళ్ల అమ్మాయి పూర్తిచేసిన నవల. 1831లో ఆమె దాన్ని దిద్ది, జెనీవా సరస్సు పక్కన కవి బైరన్‌తో కలిసి దెయ్యాల కథల పందెం వేసుకున్న సంగతి చెప్పే ముందుమాట జోడించింది. మొదటి పాఠంలో విక్టర్ పెళ్లాడబోయే ఎలిజబెత్ అతడికి సొంత మేనత్త కూతురు. రెండో దానిలో ఇటలీలో దొరికిన అనాథ పిల్ల. మొదటి దానిలో విక్టర్ తప్పు అతడి ఎంపికలా కనిపిస్తుంది, రెండో దానిలో విధి పాత్ర పెరిగింది. ఏది గొప్పదన్న వాదన ఎడతెగనిది. అయితే ఏ పాఠం వేశారో లోపల చెప్పని ఎడిషన్‌కు ఎక్కువ ధర పెట్టడం దండగ. 1818 అని అట్ట మీద గర్వంగా రాసుకున్నవి ఈ మధ్య వస్తున్నాయి, అది మంచి మార్పు.

‘ఫాంటమ్’ విషయంలో చూడాల్సింది అనువాదకుడి పేరు. గిఫ్ట్ ఎడిషన్లలో తరచూ కనిపించేది 1911 నాటి అలెగ్జాండర్ టెయిషేరా ద మాటోస్ అనువాదం. ఉచితంగా దొరకడమే దానికి కారణం. ఫ్రెంచి మూలంలోని చాలా భాగాలు అందులో లేవు.

ఇక పుస్తకం ఒళ్లు. మన ప్రెస్సుల్లో ఫారం అనే మడత కాగితాల కట్టలను దారంతో కుట్టి వెన్నుకు కట్టినది కుట్టు బైండింగ్. కాగితాల అంచులు కోసి జిగురుతో అంటించినది గమ్ బైండింగ్. గట్టి అట్ట ఉన్నంత మాత్రాన కుట్టు ఉన్నట్టు కాదు, అట్ట కింద జిగురే ఉండొచ్చు. పుస్తకాన్ని నిలబెట్టి పై నుంచి వెన్ను దగ్గర చూస్తే కుట్టినదానిలో మడతలు చిన్న చిన్న వంపులుగా వరసగా కనిపిస్తాయి. ఫారం మధ్య పేజీ తెరిస్తే దారం కనిపిస్తుంది. వెన్ను కొసన అంటించే రంగురంగుల పట్టీని చూసి మోసపోవద్దు, అది చాలాసార్లు అలంకారమే. 1906లో మొదలై 1991లో పునరుద్ధరణ పొందిన ఎవ్రీమన్స్ లైబ్రరీ వరస ఈ విషయంలో నమ్మదగినది: కుట్టు, బట్ట అట్ట, ఆమ్లం లేని కాగితం, రిబ్బన్. బొమ్మలుండవు, ఆర్భాటం ఉండదు. పదిసార్లు చదివినా చెదరదు. 1947లో చార్ల్స్ ఈడ్ లండన్‌లో పెట్టిన ఫోలియో సొసైటీ ప్రతులు బొమ్మలు, అట్టపెట్టెతో వస్తాయి, ధరా ఆ స్థాయిలోనే ఉంటుంది.

తోలు అట్ట అని చెప్పేవాటి దగ్గర కాస్త ఆగి ఆలోచించాలి. తక్కువ ధరలో వచ్చేది అసలు తోలు కాదు. తోలు ముక్కలను పొడిచేసి ప్లాస్టిక్ లాంటి పదార్థంతో అతికించిన బాండెడ్ లెదరో, పూర్తిగా కృత్రిమమైనదో అయి ఉంటుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఉక్కపోత ఊళ్లలో ఆ పొర కొన్నేళ్లకు జిగటగా మారి పొలుసులుగా లేస్తుంది. బట్ట అట్ట మన వాతావరణానికి నయం. దానికి రెండు శత్రువులు. ఒకటి ఎండ, కిటికీ ఎదురుగా పెడితే వెన్ను రంగు వెలిసిపోతుంది. రెండోది చెమట చేయి, బట్ట మీద అద్దిన రేకు నమూనా పట్టుకున్న చోటల్లా అరిగిపోతుంది. అపురూపంగా చూసుకోవాలని ప్లాస్టిక్ కవర్లో బిగించి పెడితే తేమ లోపలే ఉండి బూజు పడుతుంది. గాలి ఆడే అరలో, గోడకు కొద్దిగా ఎడంగా పెట్టాలి, ఏడాదికి రెండు మూడుసార్లు తీసి పేజీలు విప్పాలి. సిల్వర్ ఫిష్ పురుగు జిగురు కోసం వస్తుంది కాబట్టి వెన్ను లోపలి భాగం చూసుకోవాలి.

పై అంచుకు బంగారు పూత పూయడం మొదట్లో దుమ్ము, తేమ పేజీల మధ్యకు దిగకుండా ఆపడానికి కూడా పనికొచ్చేది. ఇప్పుడు మూడు వైపులా రంగులు చల్లి, బొమ్మలు కూడా అచ్చువేస్తున్నారు. చూడ్డానికి ముచ్చటే. దాని కోసమే అదనంగా డబ్బు పెట్టేముందు లోపల కుట్టు ఉందో లేదో చూడాలి. జిగురు బైండింగ్ మీద రంగుల అంచు ఉన్న పుస్తకం రెండు చదువులకు పేజీలు వదిలేస్తే ఆ అంచు మీది బొమ్మే ముందు చెదిరిపోతుంది.

‘వుదరింగ్ హైట్స్’ను మొదటిసారి చదవబోయేవాళ్లకు ఇచ్చేటప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. ఇద్దరు కాథరిన్‌లు, ఒకే పేరు ఇంటిపేరుగానూ పేరుగానూ తిరిగే లింటన్, హీత్‌క్లిఫ్‌లు, రెండు తరాలు. వంశవృక్షం లేకపోతే సగం మంది మధ్యలో వదిలేస్తారు. ముసలి పనివాడు జోసెఫ్ మాట్లాడే యార్క్‌షైర్ యాస ఇంగ్లిష్‌వాళ్లకే కష్టం. 1850లో ఈ నవలను మళ్లీ వేసినప్పుడు దక్షిణాది వాళ్లకు అర్థం కాదని షార్లెట్ ఆ యాసను కొంత మార్చింది కూడా. ఇప్పటి మంచి ఎడిషన్లు ఎమిలీ 1847లో రాసిన రూపాన్నే తీసుకుని, అచ్చుతప్పులు దిద్ది, కింద అర్థాలు ఇస్తాయి. బంగారు పూత లేకపోయినా వంశవృక్షం, అర్థాలు ఉన్న బట్ట అట్ట ప్రతి ఆ పాఠకులకు మంచి కానుక.

నవల ముందే చదివి ప్రేమించినవాళ్లకైతే ఐకెన్‌బర్గ్ జంట ఇవ్వాలి. చాలా పెద్ద సంఖ్యలో అచ్చయింది కాబట్టి అమెరికాలో పాత పుస్తకాల వాళ్ల దగ్గర ఇప్పటికీ అందుబాటు ధరకే దొరుకుతుంది, అక్కడున్న బంధువులు వచ్చేటప్పుడు తెమ్మనవచ్చు. యుద్ధకాలపు ముద్రణ, పేజీకి రెండు కాలమ్‌ల అచ్చు, అక్షరం కొంచెం చిన్నది. అట్టపెట్టె మూలలు చాలావాటికి విడిపోయి ఉంటాయి, దానికి ధర తగ్గించమని అడగవచ్చు. లోపల ఏ బొమ్మ పేజీ అయినా చింపేశారేమో మాత్రం ముందే ఫొటోలు పంపించమని అడిగి చూసుకోవాలి. ఫ్రేము కట్టించుకోవడానికి బొమ్మలు చింపి అమ్మేవాళ్లు ఉన్నారు.